అప్‌డేట్: దవడ దగ్గర ‘టక్’ శబ్దం, పొద్దున్నే నొప్పి. కారణం దొరికింది

కుడి చెవి ముందు టక్‌మని శబ్దం, లేవగానే నొప్పి, జ్ఞానదంతం తీయించాలా అని మూడు నెలల కింద అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. ఓరల్ మెడిసిన్ డాక్టర్‌కి (నోరు, దవడ జబ్బులు చూసే దంతవైద్యులు) చూపించమన్న సలహాయే పనిచేసింది. హైదరాబాద్‌లో వెతికేవాళ్లు బోర్డు మీద ఓరల్ మెడిసిన్‌లో ఎండీఎస్ (దంతవైద్యంలో పీజీ డిగ్రీ) ఉందో లేదో చూసుకోండి.

డాక్టర్ ముందుగా నోరు ఎంత తెరుచుకుంటుందో స్కేలుతో కొలిచారు: 42 మిల్లీమీటర్లు, మామూలే. తర్వాత బుగ్గలోని నమిలే కండరాన్ని వేలితో కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోగానే అచ్చం అదే నొప్పి, పై పళ్లలోకి కూడా పాకింది. అంటే నొప్పి కండరానిది, నిద్రలో పళ్లు బిగించడం వల్ల. శబ్దం దవడ కీలులోని డిస్క్ (ఎముకల మధ్య మెత్తలాంటిది) జారి మళ్లీ చోటికి రావడం. నొప్పి, పట్టేయడం లేకపోతే దానికి వైద్యం అక్కర్లేదట.

రాత్రికి పళ్లకి పెట్టుకునే గట్టి యాక్రిలిక్ స్ప్లింట్ (తొడుగు), రోజుకి రెండుసార్లు 15 నిమిషాలు వేడి తడిగుడ్డ కాపడం, మెత్తటి తిండి. పగలు పెదాలు మూసినా పళ్లు తగలకూడదు. అన్నిటికంటే కష్టం ఇదే, అన్నిటికంటే పనిచేసిందీ ఇదే. ఆరు వారాల్లో నొప్పి పోయింది, శబ్దం ఉంది.

జ్ఞానదంతానికి సంబంధమే లేదు. ఓపీజీలో (దవడ మొత్తం తీసే ఎక్స్‌రే) ఎముక, పళ్లే కనిపిస్తాయి, డిస్క్ కనిపించదు. కొరుకు (పై పళ్లు, కింది పళ్లు కలిసే తీరు) సరిచేయడానికి పళ్లు అరగదీయించుకోకండి, అరిగిన ఎనామిల్ తిరిగి రాదు. నోరు రెండు వేళ్లు కూడా పట్టనంతగా బిగుసుకుపోతే మాత్రం ఆలస్యం చేయొద్దు.