ప్రేమ నవలలు చదివే గ్రంథపాలకుల చర్చ: మన ఇష్టం అరల మీద పడుతుందా?

అరలమధ్య

నేను 18 ఏళ్లుగా గ్రంథాలయంలో పనిచేస్తున్నాను. ప్రేమ నవలలు చదవడం అంతకంటే పాత అలవాటు. వారానికి రెండు తప్పనిసరి, సెలవులు కలిసివస్తే నాలుగు. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, పనిచేసే చోట మాత్రం ఇద్దరికే తెలుసు. ఉద్యోగంలో చేరిన కొత్తలో విరామ సమయంలో చదువుకుంటూ ఉంటే, సీనియర్ ఒకావిడ అట్ట చూసి, "మీరు కూడా ఇవి చదువుతారా?" అన్నారు. ఆ "కూడా" విన్న తర్వాత నేను తెచ్చుకునే ప్రతి పుస్తకానికీ కాగితపు అట్ట వేయడం మొదలుపెట్టాను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. స్థలం చాలక మా నవలల విభాగం నుంచి దాదాపు 400 పుస్తకాలు తీసివేయవలసి వచ్చింది, ఆ ఏరివేత పని నాకు అప్పగించారు. ప్రేమ నవలల అర దగ్గరకు వచ్చేసరికి నా మీద నాకే నమ్మకం సడలింది. నాకు నచ్చినవాటిని కాపాడుకుంటానేమోనన్న భయంతో పని మొదలుపెట్టాను, కానీ సాయంత్రానికి చూసుకుంటే జరిగింది సరిగ్గా దానికి విరుద్ధం. నాకు పక్షపాతం లేదని ఎవరూ అడగకముందే రుజువు చేసుకోవాలన్న ఆత్రంలో, మూడుసార్లు చదివిన నవలను కూడా వెన్ను ఊడిందన్న సాకుతో తీసివేతల బండి మీద పెట్టాను. అదే స్థితిలో ఉన్న ఒక చారిత్రక నవలకు మాత్రం "బాగుచేయించాలి" అని చీటీ రాసి పక్కన పెట్టాను. ఇలాంటి ఇరకాటంలో మీరు ఏం చేశారో చెప్పగలరా?

కేటలాగుచీమ

మీరు చేసిన పనినే నేనూ చేశాను, కాకపోతే నాకు తెలిసివచ్చేసరికి పుస్తకాలు వెళ్లిపోయాయి. ఏరివేతకు చాలా గ్రంథాలయాలలో వాడే ఆరు ప్రశ్నలు మీకూ తెలిసే ఉంటాయి: తప్పుదారి పట్టించే పుస్తకమా, చిరిగి పాడైపోయిందా, కొత్త కూర్పు వచ్చేసిందా, విలువలేనిదా, ఇక్కడి పాఠకులకు పనికిరానిదా, మరోచోట సులభంగా దొరుకుతుందా. వీటిలో ఐదింటికి చూసి, లెక్కపెట్టి, విచారించి జవాబు చెప్పవచ్చు. నాలుగవ ప్రశ్న ఒక్కటే, అడిగేవాడి అభిరుచిని బట్టి జవాబు మార్చుకుంటుంది. మా బృందంలో ప్రేమ నవలల దగ్గరకు వచ్చినప్పుడల్లా మొదట ఈ నాలుగవ ప్రశ్నే అడిగేవాళ్లం, మిగతా అరల దగ్గర చివరకు కూడా అది గుర్తుకు వచ్చేది కాదు.

"పుస్తకం ఎన్నిసార్లు ఇష్యూ అయిందో చూడండి, అదే సాక్ష్యం" అని మీకు ఎవరైనా సలహా ఇస్తారు. తొందరపడి నమ్మకండి, ఎందుకంటే ఆ లెక్క పుట్టే చోటే మోసం ఉంది. నేను చేరేనాటికి మా దగ్గర విరాళంగా వచ్చిన ప్రేమ నవలలకు యాక్సెషన్ నంబరు, అంటే గ్రంథాలయం తన లెక్కలో చేర్చుకున్న ప్రతి పుస్తకానికీ ఇచ్చే వరుస సంఖ్య, వేసేవారు కాదు. ఎలాగూ నాలుగు చేతులు మారితే చిరిగిపోయే పేపర్‌బ్యాకులకు ఒక్కొక్కదానికి కేటలాగు చేసే శ్రమ దండగ అన్నది వాదన. అందుచేత వాటిని తలుపు దగ్గర తిరిగే స్టాండులో పెట్టి, ఎవరైనా తీసుకువెళితే నోటుపుస్తకంలో ఒక గీత గీసేవాళ్లం. ఆ స్టాండు సాయంత్రానికి ఖాళీ అయిన రోజులు నేను చూశాను. కొనుగోళ్ల బడ్జెట్ నిర్ణయించే సమావేశంలో మాత్రం కంప్యూటర్ నివేదిక తీశారు, అందులో ప్రేమ నవలల ఇష్యూలు లేనే లేవు. గీతల నోటుపుస్తకాన్ని ఎవరూ తీసుకురాలేదు. ఆ నోటుపుస్తకం నా సొరుగులోనే ఉంది, నేనూ తీసుకురాలేదు. ఎందుకు తీసుకురాలేదో చెప్పాలంటే, మీ కాగితపు అట్ట సంగతే చెప్పాలి.

నేరకథలవాడు

నేనూ గ్రంథాలయంలోనే పనిచేస్తాను, కానీ చదివేది నేర పరిశోధక నవలలు. ఆ నవలలు చేతిలో పట్టుకుని 20 ఏళ్లు తిరిగాను, నన్ను ఎవరూ "మీరు కూడానా" అనలేదు, నా ఎంపికలలో పక్షపాతం ఉందేమోనని నాకే ఎన్నడూ అనుమానం రాలేదు. ముగింపు ముందే తెలిసిపోతుందన్నది ప్రేమ నవలల మీద ఎప్పుడూ వేసే నింద. 1980లో ఏర్పడిన అమెరికా ప్రేమ నవలా రచయితల సంఘం ఇచ్చుకున్న నిర్వచనంలోనే కథకు ప్రేమ కేంద్రంగా ఉండడం, ముగింపు తృప్తిని, ఆశను మిగల్చడం అనే రెండు షరతులున్నాయి. నా నవలలలో హంతకుడు దొరకకుండా పోవడం ఎంత అరుదో నాకు తెలుసు, దాన్ని లోపమని ఇంతవరకు ఎవరూ అనలేదు.

అయితే ఈ చర్చ ఎటు పోవచ్చో ఊహించి ఒక మాట ముందే చెబుతాను. ప్రేమ నవలలు ఇష్టంగా చదివేవారే ఆ అరను బాగా నడపగలరన్న మాట నేను ఒప్పుకోను. నేను వాటిని చదవలేను, ప్రయత్నించాను, కుదరలేదు. కానీ ఎవరైనా వచ్చి అడిగితే పుస్తకం ఇవ్వగలను, ఎందుకంటే అడగవలసిన ప్రశ్నలు నేర్చుకున్నాను. కథ నిదానంగా నడవాలా, వేగంగానా? ఈ కాలపుదా, పాత కాలపుదా? నాయికా నాయకులకు మొదట వైరం ఉండాలా, స్నేహం ఉండాలా? కథ పడకగది తలుపు దగ్గర ఆగిపోవాలా, లోపలికి వెళ్లవచ్చా? చివరి ప్రశ్న అడగడానికి నాకు మూడేళ్లు పట్టింది. ఇష్టంగా చదివేవారితో నేను చూసిన చిక్కు ఏమిటంటే, వారు పాఠకురాలి మాట పూర్తిగా వినకుండానే తమకు నచ్చిన నవలను చేతిలో పెట్టేస్తారు.

పేజీమూలచుక్క

నేరకథలవాడు గారు చివర అన్న మాట నాకు తగిలింది, అందులో నిజముంది. కానీ చదివేవారికే కనబడే కొన్ని సంగతులు కూడా ఉంటాయి, అవి ఏరివేతకు నేరుగా పనికివస్తాయి కనుక వివరంగా రాస్తాను.

నాకు చిరిగిన పుస్తకాలు అతికించే పని ఉండేది. ప్రేమ నవలలలో కొన్ని పేజీల మూలల్లో పెన్సిల్ గుర్తులు కనబడేవి: ఒకదాంట్లో 25వ పేజీ నంబరు చుట్టూ సున్నా, అదే పుస్తకంలో 50వ పేజీ కింద చిన్న త్రికోణం, ఇంకో చోట ఒకే ఒక్క అక్షరం. మొదట్లో వాటిని రబ్బరుతో తుడిచేసి, పుస్తకాలు పాడుచేస్తున్నారని నోటీసు కూడా అంటించాను. కొన్నాళ్లకు ఒక పెద్దావిడ అర ముందు నిలబడి ప్రతి నవలనూ ఒకే పేజీ దగ్గర తెరిచి చూసి, మూసి, పక్కన పెట్టడం గమనించాను. అడిగితే సిగ్గుపడుతూ చెప్పారు: అది ఆమె చదివిన పుస్తకమా కాదా తెలుసుకునే గుర్తు. ఒకే నవల కొత్త అట్టతో, ఒక్కోసారి వేరే పేరుతో మళ్లీ అచ్చవుతుంది. వెనక అట్ట మీది కథాసంగ్రహాలు ఒకదానినొకటి పోలి ఉంటాయి. నెలకు పది చదివేవారికి ఇంటికి వెళ్లి 30 పేజీలు దాటాక గాని పాతదని తెలియదు. పాఠకుల గోప్యత కోసం మా కంప్యూటర్, పుస్తకం తిరిగి రాగానే ఎవరు తీసుకున్నారన్న వివరాన్ని చెరిపేస్తుంది, ఆ నియమాన్ని నేను గట్టిగా సమర్థిస్తాను. కానీ "ఇది నేను చదివానా అమ్మా?" అని అడిగితే జవాబు చెప్పగల దారి మా దగ్గర లేదు. ఆ జవాబును వారు పేజీల మూలల్లో దాచుకుంటున్నారు, నేనేమో దాన్ని తుడిచేస్తున్నాను.

ఆ తర్వాత తుడవడం మానేశాను, నోటీసు కూడా తీసేశాను. (నియమం ప్రకారం ఇది తప్పే, ఒప్పుకుంటాను.) అరలమధ్య గారూ, తీసివేతల బండి మీద ఉన్న పుస్తకాలను ఒకసారి విప్పి ఆ గుర్తులు వెతకండి. ఒకే నవలలో తొమ్మిది రకాల గుర్తులు ఉంటే, దాన్ని కనీసం తొమ్మిది మంది పూర్తిగా చదివి, ఆ విషయం గుర్తుంచుకోదలచారన్నమాట. ఇష్యూ లెక్కకు చదివిన పుస్తకానికీ చదవకుండా తిరిగిచ్చిన పుస్తకానికీ తేడా తెలియదు.

రెండింటిమధ్య

నేను గ్రంథపాలకురాలిని కాను, కౌంటరుకు ఇవతలి మనిషిని. ప్రేమ నవలను పైన ఒకటి, కింద ఒకటి పెద్ద పుస్తకాల మధ్య పెట్టి తీసుకువెళ్లేదాన్ని. ఒకసారి కౌంటర్ దగ్గరి ఆయన అట్టను చూసి, నన్ను చూసి, కనుబొమ్మ ఎగరేస్తే, అడగకుండానే "మా పిన్ని కోసం" అన్నాను. మా పిన్ని కథల పుస్తకం ముట్టుకోదు. తర్వాత యంత్రం వచ్చాక, మనమే స్కాన్ చేసుకునే పద్ధతి వచ్చాక, పుస్తకాల మధ్య దాచే పని తప్పింది.

కానీ యంత్రం పనిచేయని ఒక రోజున కౌంటర్ దగ్గర ఉన్న ఒకావిడ నా చేతిలోని నవలను చూసి, "ఇది వరుసలో మూడవది. రెండవది ఇవాళే తిరిగివచ్చింది, బండి మీదుంది. ముందు అది చదివితే ఇందులో చెల్లెలి కథ అర్థమవుతుంది" అన్నారు. మొహంలో ఏ మార్పూ లేదు, రైలు వేళలు చెప్పినంత మామూలుగా చెప్పారు. ఆవిడ చదివారని నాకు అప్పుడే తెలిసిపోయింది. ఆ తర్వాత ఆవిడ డ్యూటీ ఉన్న రోజులు చూసుకుని వెళ్లేదాన్ని.

పాతరిజిస్టరు

ఒక చిన్న చరిత్ర చెప్పి తప్పుకుంటాను. 1908లో లండన్‌లో మొదలైన మిల్స్ అండ్ బూన్ ప్రచురణ సంస్థ మొదట అన్ని రకాల పుస్తకాలూ వేసేది. 1930ల నాటికి ప్రేమ నవలల మీదే నిలబడడానికి ముఖ్య కారణం దుకాణాలలో కొనేవారు కాదు, అద్దెకు పుస్తకాలిచ్చే ప్రైవేటు గ్రంథాలయాలు. వాటికి వారం వారం కొత్త నవలలు కావలసి వచ్చేవి. అంటే అరువు తీసుకుని చదవడం మీదనే ఈ నవలల వ్యాపారం పెరిగింది. వీటిని గ్రంథాలయానికి తగనివని అనేవారికి ఈ సంగతి చెబుతూ ఉంటాను. మన దేశపు గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ఇచ్చిన ఐదు గ్రంథాలయ సూత్రాలలో మూడవది, ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు ఉంటాడన్నది, ఏరివేతలో ఎప్పుడూ మరచిపోయే సూత్రం. మనం రెండవదానితోనే, ప్రతి పాఠకుడికీ అతని పుస్తకం అన్నదానితోనే, ఆగిపోతాం.

సెలవురోజు

చర్చ అరల చుట్టూ తిరుగుతోంది కనుక, నా లాంటి పిచ్చి చదువరికి ఈ ఉద్యోగంలో ఎదురయ్యే ఇంకో పరీక్ష చెబుతాను. కొత్త నవలల పెట్టె తెరిచేది మనమే. నేను ఎదురుచూస్తున్న రచయిత్రి పుస్తకం నా చేతుల్లోనే ఉంటుంది, నేను రిజర్వేషన్ వరుసలో 14వ స్థానంలో ఉంటాను. 13 మందికీ ఒక్కొక్కరికే సందేశం పంపి, వారు తిరిగిచ్చేదాకా ఆగుతాను.

ఒకే ఒక్కసారి నియమం తప్పాను. ఒక పాఠకురాలి కోసం పక్కన పెట్టిన నవలను, ఆమె సాయంత్రం గాని రారు కదా అని, విరామంలో తెరిచాను. ఆమె అనుకున్నదానికంటే ముందే వచ్చారు. కంగారులో నేను పేజీ గుర్తుగా పెట్టుకున్న చీటీతో సహా ఇచ్చేశాను. రెండు వారాలకు పుస్తకం తిరిగి ఇస్తూ ఆ చీటీని నా ముందు పెట్టి, "మీరు 112 దగ్గర ఆగారు, ఆ తర్వాతే బాగుంటుంది" అన్నారు. ఆ చీటీ నాదేనని ఆమెకు ఎలా తెలిసిందో అడగలేకపోయాను. బహుశా దాని వెనక నా చేతిరాతలో పుస్తకాల నంబర్లు ఉండి ఉంటాయి. అప్పటినుంచి ఆమెకు నచ్చిన నవలలు తిరిగిచ్చేటప్పుడు పుస్తకాన్ని బోర్లించి పెడతారు, నాకు అర్థమవుతుంది.

కేటలాగుచీమ

సెలవురోజు గారూ, 13 మంది తిరిగిచ్చేదాకా ఆగిన మీలాంటివారిని చూస్తే, అరలమధ్య గారు భయపడినంత పక్షపాతం మనలో లేదని నాకు అనిపిస్తోంది. మనలో చాలామంది, ఇష్టమైనదాని విషయంలోనే ఎక్కువ జాగ్రత్తగా, ఒక్కోసారి ఎక్కువ కఠినంగా ఉంటాం.

అరలమధ్య

అందరికీ కృతజ్ఞతలు. రెండు వారాల తర్వాత జరిగింది చెప్పడానికి వచ్చాను.

ముందుగా మా పై అధికారికి, నేను ప్రేమ నవలలు విపరీతంగా చదువుతానని, అందుచేత ఆ అర మీద నా నిర్ణయాన్ని ఇంకొకరు సరిచూడాలని చెప్పాను. ఆవిడ చాలాసేపు ఏమీ అనకుండా, చివరకు, "ఏ కాలానివి?" అని అడిగారు. ఆవిడకు పాత కాలపు కథలు ఇష్టమట. నేరకథలవాడు గారి మాటను బట్టి, ప్రేమ నవలలు చదవని ఒక సహోద్యోగికి నా జాబితా ఇచ్చి, ఆయన చేసిన నేరకథల జాబితా నేను తీసుకున్నాను. మాకు ఎదురైన పెద్ద తప్పు ఇష్టానికి సంబంధించినది కానే కాదు: ఇద్దరమూ వరుస నవలల మధ్య నుంచి ఒకటి రెండు తీసేశాం. రెండవ భాగం పోతే మూడవది అరలో ఉన్నా లేనట్టే కనుక, వరుసను మొత్తంగా ఉంచడమో మొత్తంగా తీయడమో చేయాలని నిర్ణయించాం. దానితో జాబితా 400 నుంచి 370కి వచ్చింది, మిగతా 30 కోసం పాత ప్రయాణ మార్గదర్శినులు దొరికాయి.

పేజీమూలచుక్క గారు చెప్పినట్టు గుర్తులు కూడా వెతికాం. నేను మొదటిరోజు బండి మీద పెట్టిన నవలలో 11 గుర్తులు దొరికాయి, అందులో ఒకే త్రికోణం మూడుచోట్ల ఉంది. అంటే నాలాగే ఎవరో దాన్ని మూడుసార్లు చదివారు. వెన్నుకు జిగురు పూసి, పైన రెండు నిఘంటువుల బరువు పెట్టాను. ఆరడానికి రేపటి దాకా పడుతుంది.