మాగ్జిమమ్ ది హార్మోన్ 2008 సింగిల్: ఒక్క గిటార్‌తో స్టేజీ మీద లాగడం ఎట్లా?

సీమ_స్ట్రమ్మర్ (అనంతపురం):
అన్నలూ, కాలేజీ ఫెస్ట్‌కి జపాన్ రాక్ బ్యాండ్ మాగ్జిమమ్ ది హార్మోన్ వాళ్ళ 'త్సుమే త్సుమే త్సుమే / ఎఫ్' సింగిల్ నుంచి ఒక పాట వాయిద్దామనుకుంటాండాం. గిటార్, బేస్, డ్రమ్స్, ఒక గొంతు, అంతే మేము. ఒకే పాటలో హార్డ్‌కోర్ స్పీడు, ఫంక్ బేస్, సినిమా పాటలాంటి కోరస్, గ్రోల్ (గుర్రుమనే అరుపు) అన్నీ వచ్చిపడతాయి. గిటార్ స్కేలు 25.5 అంగుళాలు, ఫిక్స్‌డ్ బ్రిడ్జి, 9-42 తీగలు (మందం అంగుళంలో వెయ్యో వంతుల్లో). ప్రాసెసర్ జూమ్ జీ1 ఫోర్. డ్రాప్ సీ కి (లావు తీగని 'సీ' స్వరానికి) దించితే లావు తీగ లబలబ కొట్టుకుంటాంది, గట్టిగా కొడితే శ్రుతి పైకి ఎగిరి మళ్ళీ కిందికి జారతాంది. క్లీన్‌లోకి (డిస్టార్షన్ లేని శబ్దంలోకి) మారగానే గిటార్ వినపడదు. రెండు పాటల్లో ఏది పట్టుకోవాల? మొదట ఏం సరిచేసుకోవాల?

డ్రాప్_కడప:
పాట సంగతి ముందు. జనం కోసమైతే 'ఎఫ్'. అది డ్రాగన్ బాల్ విలన్ ఫ్రీజా మీద రాసిన పాట. 2015లో వచ్చిన ఫ్రీజా సినిమాకి ఆలోచన ఈ పాట వింటుంటే తట్టిందని డ్రాగన్ బాల్ సృష్టికర్త తొరియామానే చెప్పాడు. పాట తెలియని వాళ్ళు కూడా ఆ పేరు వినగానే అరుస్తారు.

ఇక తీగలు. నీది వాయింపు లోపం కాదు, లెక్క లోపం. 'ఈ' స్వరం నుంచి 'సీ' కి నాలుగు సెమీటోన్లు (అర స్వరాలు) దిగితే అదే తీగలో బిగువు 37 శాతం దాకా పడిపోతుంది. 42 తీగ ఆ బిగువులో లబలబలాడక ఏం చేస్తుంది! 54 వేస్తే బరువు పెరిగి, 42 తీగ 'ఈ' స్వరంలో ఉన్నప్పటి బిగువే దాదాపు తిరిగొస్తుంది. కాబట్టి 11-54 సెట్ తీసుకో. సన్న తీగలు మెత్తగా ఉండాలనుకుంటే 10-52. మీ ఊళ్ళో దొరక్కపోతే బెంగళూరు పోయేవాళ్ళతో రెండు సెట్లు తెప్పించుకో.

తీగ మార్చడంతో పని అయిపోదు. నట్‌లో (మెడ చివర తీగలు ఆనే పట్టీలో) గాడి 42కి కోసింది, 54 అందులో కూర్చోక పైనే నిలబడుతుంది, ట్యూన్ చేస్తుంటే టిక్కు టిక్కుమని ఎగురుతుంది. గాడిని వెడల్పు చెయ్యి, లోతు మాత్రం పెంచొద్దు. లోతు పోతే ఓపెన్ తీగ ఫ్రెట్‌కి తగిలి మోగుతుంది, అప్పుడు నట్టే మార్చాలి. గాడిలో పెన్సిల్ పొడి రాయి. తర్వాత మెడ వంపు: మొదటి ఫ్రెట్ దగ్గర, చివరి ఫ్రెట్ దగ్గర నొక్కిపట్టి ఏడో ఫ్రెట్ మీద సందు చూడు, పావు మిల్లీమీటరు లోపుంటే చాలు. ట్రస్ రాడ్‌ని (మెడ వంపు సరిచేసే కడ్డీని) ఒకసారికి పావు చుట్టు మించి తిప్పొద్దు. ఆఖరున ఇంటొనేషన్ (మెడ పొడవునా శ్రుతి సరిపోవడం): పన్నెండో ఫ్రెట్ నొక్కిన స్వరం అక్కడి హార్మోనిక్ (తీగని నొక్కకుండా తాకి మోగించే స్వరం) కన్నా షార్ప్‌గా ఉంటే శాడిల్‌ని (బ్రిడ్జి మీద తీగ ఆనే ముక్కని) నట్‌కి దూరంగా జరుపు. తీగల్ని బాగా లాగి సాగదీశాకే ఈ పని చెయ్యి, లేదంటే మళ్ళీ మొదటికొస్తుంది.

అన్నట్టు, డ్రాప్ సీ అని ఎవరు చెప్పారు? ట్యాబ్‌లని (ఫ్రెట్ నంబర్లతో రాసిన నోట్స్‌ని) నమ్మొద్దు. రికార్డింగ్‌ని పిచ్ మారకుండా 70 శాతం వేగానికి తగ్గించి, రిఫ్‌లో (మళ్ళీ మళ్ళీ వచ్చే గిటార్ వరసలో) అన్నిటికన్నా కింద మోగే స్వరం ఏదో ట్యూనర్‌తో పట్టుకో. ఆ తర్వాతే తీగలు కొను.

క్లీన్ చచ్చిపోవడం మామూలే. డిస్టార్షన్ సిగ్నల్‌ని నొక్కేసి ఎప్పుడూ నిండుగా వినిపిస్తుంది, క్లీన్‌కి ఆ నిండుతనం ఉండదు. క్లీన్ ప్యాచ్‌ని (ప్రాసెసర్‌లో దాచుకున్న సెట్టింగ్‌ని) 3 నుంచి 6 డెసిబెల్స్ పైకి పెట్టు. హెడ్‌ఫోన్లలో కాదు, డ్రమ్స్ మోగుతుండగా సరిచూడు. హెవీ ప్యాచ్‌లో గెయిన్ (డిస్టార్షన్ మోతాదు) సగానికి దించి మిడ్ (మధ్య స్థాయి స్వరాలు) పెంచు. మిడ్ తీసేస్తే గదిలో బ్రహ్మాండం, స్టేజీ మీద మాయం. నాలుగైదు సెకన్ల చిన్న క్లీన్ ముక్కకి ప్యాచ్ మార్చకు, గిటార్ వాల్యూమ్ నాబ్‌ని 3కి దించు, సరిపోతుంది.

బొటనవేలు_కర్నూలు:
బేస్ గురించి ఎవరూ అడగలేదు గానీ, ఈ బ్యాండ్‌లో ఫంక్ మొత్తం బేసిస్టు ఉఎ-చాన్ వేళ్ళలోనే ఉంది. 45-105 తీగల్ని సీ కి దించి స్లాప్ చేస్తే (బొటనవేలితో తీగని కొడితే) బొటనవేలు తిరిగి లేవదు, ముద్దగా వస్తుంది. 50-110 వేయండి. ఫైవ్ స్ట్రింగ్ ఉంటే ట్యూనింగే మార్చక్కర్లేదు, బీ తీగ మీద మొదటి ఫ్రెట్టే సీ. కాకపోతే ఓపెన్ తీగ స్లాప్ పోతుంది, ఆ సౌకర్యం కావాలో ఈ సౌకర్యం కావాలో మీరే తేల్చుకోండి. కంప్రెసర్ (పెద్ద శబ్దాన్ని అణిచే ఎఫెక్ట్) 4:1, అటాక్ (అది అణచడం మొదలెట్టే సమయం) 20-30 మిల్లీసెకన్లు. అంతకన్నా తక్కువ పెడితే టప్పుమనే మొదటి దెబ్బనే మింగేస్తుంది. స్లాప్ వచ్చే చోట గిటార్ పలచబడాలి. రికార్డింగ్‌లోనూ బ్యాండ్‌కి ఉన్నది ఒక్క గిటారిస్టే అని మరిచిపోవద్దు.

డ్రమ్స్‌కి ఒకే క్లిక్ (వేగం చెప్పే టిక్ టిక్) పనికిరాదు. రీపర్‌లో (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో) ఒక్కో భాగానికి ట్యాప్ చేసి టెంపో మ్యాప్ కట్టండి. పాటంతా పదేపదే వాయించడం దండగ. ఒక భాగం ఇంకో భాగంలోకి మారే అతుకు దగ్గర ముందు రెండు బార్లు, తర్వాత రెండు బార్లు లూప్ చేసి 60 శాతం వేగంతో మొదలుపెట్టండి. పాట కూలేది ఎప్పుడూ అతుకు దగ్గరే.

గొంతు_జాగ్రత్త (కడప):
అసలు బ్యాండ్‌లో పని పంచుకున్న తీరు చూడండి: దైసుకె-హాన్ అరుపు, గ్రోల్, ర్యాప్, ర్యో-కున్ గిటార్ వాయిస్తూ శ్రావ్యమైన పాట, అతని అక్క నవో డ్రమ్స్ వాయిస్తూనే పాప్ గొంతు. మీ ఒక్క గొంతుతో మూడూ అంటే కుదరదు. గ్రోల్ నుంచి వెంటనే కోరస్‌కి పోతే స్వరం కిందికి పడుతుంది. కోరస్ గిటార్‌కో బేస్‌కో అప్పజెప్పండి, వాయిస్తూ పాడగలిగే చోటే పెట్టుకోండి.

గ్రోల్‌కి బలం పొట్టలో ఉండాలి, గొంతు బిగించి గాలి తోస్తే గీసుకుపోతుంది. రోజుకి 15-20 నిమిషాలు చాలు. నొప్పి వచ్చినా, మర్నాడు బొంగురు పోయినా రెండు రోజులు ఆపండి. షో రోజు సాయంత్రం మా కడప కారం దోశ జోలికి పోవద్దు, కడుపులో పులుపు పైకి తన్నితే గ్రోల్ అయిపోయినట్టే.

జపనీస్ పలకడం మనకి కష్టం కాదు. తెలుగు లిపిలో రాసుకోండి, ఎ ఏ, ఒ ఓ తేడాలు దిగిపోతాయి. 'త్సు' అంటే మనం 'చుక్క'లో పలికే చు. ద్విత్వానికి ఒక దెబ్బ, పొల్లు న్ కి ఒక దెబ్బ: ని-ప్-పో-న్, నాలుగు దెబ్బలు. ఇది తప్పితే ర్యాప్ భాగం తాళం నుంచి బయటికి పోతుంది.

మైక్ గుండుని చేత్తో మూయొద్దు, కూత పెడుతుంది. సౌండ్ అన్నకి ముందే చెప్పండి: గొంతులకి ఎకో సున్నా, 100-120 హెర్ట్జ్ కింద కట్. చెప్పకపోతే అలవాటుగా ఎకో తిప్పేస్తాడు, ఆ వేగంలో ఒక్క మాట కూడా విడిగా వినపడదు.

సీమ_స్ట్రమ్మర్:
శానా థ్యాంక్స్ అన్నలూ, 11-54 కి చెప్పేసినా. నాయిస్ గేట్ (సన్న చప్పుడుని కోసేది) ఎంత పెట్టాల? ఆపిన చోట బుయ్యిమంటాంది.

డ్రాప్_కడప:
ముందు ఎక్స్‌టెన్షన్ బోర్డులో ఎర్త్ పిన్ ఉందో లేదో చూడు. తీగల మీద చెయ్యి పెడితే బుయ్యి తగ్గుతుందంటే ముందు ఎర్తింగ్‌ని అనుమానించు, దాన్ని గేట్‌తో మూసిపెట్టొద్దు. అది సరిచేశాక గెయిన్ ప్యాచ్‌లో తీగలు మూసిపట్టి, చప్పుడు ఆగేదాకా మాత్రమే గేట్ థ్రెషోల్డ్ (ఎంత చప్పుడు కింద కోయాలో చెప్పే హద్దు) పెంచు. ఇంకా పెంచితే సాగే కార్డ్‌లు (కలిపి మోగించే స్వరాలు) మధ్యలో తెగుతాయి. ఇంకొకటి, గిటార్‌ని ఎండలో స్టేజీ పక్కన వదిలెయ్యకు. తీగలు వేడెక్కి సాగి శ్రుతి దిగుతుంది. నీడలో అరగంట ఉంచి, ఎక్కే ముందు ట్యూన్ చెయ్యి.