అప్‌డేట్: కొత్త బ్యాటరీ వేసినా సెల్ఫ్ టిక్ టిక్, తేడా ఎర్త్ కేబుల్‌లో

కొత్త బ్యాటరీ వేసినా కారు సెల్ఫ్ ఎత్తుకోవట్లేదని అడిగాను కదా, తేలిపోయింది. అందరికీ థాంక్స్. మల్టీమీటర్‌తో బ్యాటరీ నెగటివ్‌కీ ఇంజన్ బ్లాక్‌కీ మధ్య సెల్ఫ్ కొడుతూ చూడమన్న సలహాయే పనిచేసింది: 0.2 వోల్టుల లోపు ఉండాల్సింది 1.4 చూపింది. పైకి ఎర్త్ కేబుల్ (బ్యాటరీ నెగటివ్‌ని ఇంజన్‌కి కలిపేది) నిగనిగలాడుతోంది, తొడుగు కోస్తే లగ్గు (కేబుల్ చివర బోల్టుకి బిగించే లోహపు ముక్క) దగ్గర రాగి తీగలు చిలుమెక్కి పొడిగా రాలాయి.

విజయవాడ ఆటోనగర్‌లో అదే పొడవు, అదే మందం రాగి కేబుల్‌కి లగ్గులు ప్రెస్ చేయించాను. సుత్తితో నొక్కించొద్దు, వదులైపోతుంది. ఇంజన్ ఆపి, 10 నంబర్ స్పానర్‌తో ముందు నెగటివ్ విప్పాలి. బిగించేటప్పుడు అదే చివర. పాజిటివ్ ముందు విప్పితే, స్పానర్ బాడీకి తగిలిందంటే షార్టే. ఇంజన్ వైపు బోల్టు కింద తుప్పు, పెయింటు మెరిసేదాకా గీకాలి. అసలు కీలకం ఇదే.

ఇప్పుడు అదే చోట మీటర్ 0.1 వోల్టే చూపిస్తోంది. స్టార్టర్, బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ రెండూ బాగానే ఉన్నాయి.