పికప్ ఫైబర్ టాప్ మూల పగిలింది, చిల్లు కూడా పడింది: ఇంట్లోనే అతికించుకోవచ్చా?

చిత్తూరు_పికప్:
ఇసుజు వీ-క్రాస్ తొట్టి మీద ఉన్న ఫైబర్ టాప్‌కు మామిడి కొమ్మ గట్టిగా తగిలింది. వెనక కుడి మూలలో అడుగు పొడవున నెర్రె ఇచ్చింది, దాని చివర అరచేతిలో సగమంత చిల్లు. లోపలివైపు పీచు తెల్లగా లేచి ఉంది. టాప్ తొట్టి అంచు మీద కూర్చునే చోట వాన నీళ్లు కూడా కారుతున్నాయి. షెడ్డులో అడిగితే లప్పం పెట్టి రంగు కొడతామంటున్నారు. ఎం-సీల్ పెడితే చాలని ఇంకొకరు. తోతాపురి కోతలు మొదలయ్యే లోపల బాగుచేసుకోవాలి. ఏ సామాను ఎంత కొనాలి, ఏది ముందు ఏది వెనక?

తిరుపతి_ఫైబర్‌పని:
అన్నా, లప్పం ఒక్కటే పెడితే నిలవదు, ఎం-సీల్ కూడా అంతే. గతుకుల్లో బండి ఊగినప్పుడల్లా టాప్ కాస్త వంగుతుంది. లప్పం వంగదు, అంచు దగ్గర విడిపోతుంది, ఆ సందులోంచి నీళ్లు దిగుతాయి. బలమంతా గాజు పీచుది. లప్పం పైన నునుపు కోసమే, అదీ 1-2 మి.మీ. మించకుండా.

ముందు టాప్ దించండి. బ్రేక్ లైటు వైరు సాకెట్ విప్పి, క్లాంపులు తీసి, నలుగురు పట్టుకుని పాత టైర్ల మీద వెల్లకిలా పెట్టండి. బండి మీదే ఉంచి కింద నుంచి పైకి పూస్తే రెసిన్ కారి మీదే పడుతుంది, తడిసిన మ్యాట్ ఊడి వస్తుంది.

కొనాల్సినవి: 450 గ్రాముల చాప్డ్ మ్యాట్ (పొట్టి గాజు పీచుతో చేసిన చాప) ఒక చదరపు మీటరు, పాలిస్టర్ రెసిన్ ఒక కిలో, దాన్ని గట్టిపరిచే హార్డెనర్, అర లీటరు అసిటోన్, రెండు అంగుళాల బ్రష్షులు మూడు. రెసిన్‌లో కోబాల్ట్ (హార్డెనర్ త్వరగా పనిచేసేలా చేసే ద్రవం) ముందే కలిపి ఉందో లేదో కొట్లోనే అడగండి. కలిపి లేకపోతే అది విడిగా ఇస్తారు, ఊదారంగులో ఉంటుంది. కోబాల్ట్‌నీ హార్డెనర్‌నీ నేరుగా ఒకదాంట్లో ఒకటి పోయకండి, భగ్గుమంటుంది, పేలుతుంది కూడా. కోబాల్ట్‌ను రెసిన్‌లో బాగా కలిపేశాకే హార్డెనర్.

పని లోపలివైపు నుంచి. మొదట అసిటోన్ గుడ్డతో మైనం, నూనె తుడవండి. తుడవకుండా రుద్దితే ఆ మైనాన్నే గీతల్లోకి తోసినట్టవుతుంది. నెర్రె చివర ఎక్కడ ఆగిందో చూసి అక్కడ 3 మి.మీ. రంధ్రం వేయండి, లేకపోతే అది ఇంకా సాగుతుంది. తెల్లబడిన పీచంతా చచ్చినదే. గట్టి పీచు కనబడేదాకా 36 నంబరు డిస్కుతో గ్రైండ్ చేసి తీసేయండి. అంచును ఏటవాలుగా అరగదీయాలి. టాప్ మందం 3 మి.మీ. అయితే చుట్టూ 4 సెం.మీ. వెడల్పున వాలు రావాలి. అతుకు ఊడేది ఎక్కువగా ఇక్కడ బద్ధకించినప్పుడే. చేతులు నిండుగా కప్పుకోండి, మాస్కు, కళ్లద్దాలు తప్పనిసరి. ఆ దురద అంత త్వరగా పోదు.

చిల్లుకు బయటివైపు నుంచి మందపాటి ప్లాస్టిక్ షీటుకు మైనం రాసి, వంపుకు తగ్గట్టు టేపుతో బిగించండి. లోపలినుంచి పూసే రెసిన్‌కు అదే అచ్చు.

మ్యాట్ మూడు ముక్కలు, ఒకదానికంటే ఒకటి పెద్దదిగా. కత్తెరతో కోయకుండా చేత్తో చింపితే అంచు పలచగా కలిసిపోతుంది. ఒక్కో పొర దాదాపు 1 మి.మీ. మందం ఇస్తుంది. మ్యాట్ బరువుకు రెండు నుంచి రెండున్నర రెట్లు రెసిన్ పడుతుంది, మీ అతుకుకు 300-350 గ్రాములు చాలు. అంతా ఒకేసారి కలపొద్దు. 150 గ్రాములు కలిపి, సూది తీసిన సిరంజితో 1.5 మి.లీ. హార్డెనర్ వేయండి. థర్మోకోల్ కప్పులో కలిపితే కప్పు కరిగిపోతుంది, స్టీలు గిన్నె వాడండి. ముందు ఫైబర్ మీద రెసిన్ పూసి, తర్వాత మ్యాట్ పరిచి, బ్రష్షుతో పొడుస్తున్నట్టు అద్దండి. లాగితే పీచు పోగవుతుంది. తెల్ల మచ్చలు మిగిలితే అక్కడ గాలి ఉన్నట్టే, అద్ది బయటికి నెట్టండి.

కాళహస్తి_మెకానిక్:
పైన చెప్పినదానికి ఒక్కటి కలుపుతా. మన ఎండలకు మధ్యాహ్నం ఈ పని పెట్టుకోవద్దు. వేడెక్కిన టాప్ మీద రెసిన్ నిమిషాల్లో జెల్లీ అవుతుంది, మ్యాట్ సగమే తడుస్తుంది. పొద్దున ఆరు, ఏడు గంటలకు నీడలో మొదలుపెట్టండి. వేసవిలో 1 శాతం హార్డెనర్ చాలు, డిసెంబరు చలికి 2 శాతం దాకా పోవచ్చు. ముసురు పట్టిన రోజుల్లో మాత్రం వద్దు, తేమ తగిలిన మ్యాట్ సరిగా పట్టదు.

హార్డెనర్ కంట్లో పడితే వెంటనే 15 నిమిషాలు ధారగా నీళ్లతో కడిగి ఆసుపత్రికి పోవాలి. మిగిలిన రెసిన్ గిన్నెలోనే గట్టిపడేటప్పుడు బాగా కాలుతుంది, పొగ కూడా రావచ్చు. దాన్ని ఆరుబయట ఇసుక మీద పెట్టండి, చెత్తబుట్టలో వేయకండి.

చిత్తూరు_పికప్:
మూడు పొరలూ వేశాను. ఐదు గంటలయ్యాక కూడా పైన జిగురుగా ఉంది. మళ్లీ తీసేయాలా? ఎపాక్సీ వాడి ఉంటే బాగుండేదా?

తిరుపతి_ఫైబర్‌పని:
గోరుతో నొక్కి చూడన్నా. కింద గట్టిగా ఉండి పైన మాత్రమే జిగురైతే తప్పేం లేదు. గాలి తగిలే పైపొర పాలిస్టర్‌లో పూర్తిగా ఆరదు. అసిటోన్‌తో తుడిచి, మర్నాడు 80 నంబరు ఎమరీతో రుద్దండి. గోరు దిగబడితే మాత్రం హార్డెనర్ తక్కువైనట్టు. ఇంకో రోజు నీడలోనే ఉంచి చూడండి. అప్పటికీ మెత్తగా ఉంటే గీకేసి మళ్లీ వేయక తప్పదు.

ఎపాక్సీ పాత ఫైబర్‌కు ఇంకా బాగా అతుక్కుంటుంది, అది నిజం. కానీ చాప్డ్ మ్యాట్‌లో పీచును పట్టి ఉంచే జిగురు పాలిస్టర్ రెసిన్‌లోనే కరుగుతుంది. ఎపాక్సీలో కరగక మ్యాట్ బిరుసుగానే ఉండిపోతుంది, వంపుకు సర్దుకోదు. ఎపాక్సీ అయితే నేసిన గాజు గుడ్డ కొనాలి, పైగా దానిమీద పాలిస్టర్ జెల్‌కోట్ (ఫైబర్‌కు పైన వేసే రంగు రెసిన్ పొర) సరిగా పట్టదు. ఈ అతుకుకు పాలిస్టరే చాలు.

పలమనేరు_బాడీషాప్:
రంగు విషయం. టాప్ ఎండకు వెలిసి ఉంటుంది కాబట్టి జెల్‌కోట్ రంగు కలవడం కష్టం. 80, 220, 400 వరుసలో రుద్ది, పలచని లప్పంతో సమం చేసి, పీయూ (పాలీయురేథేన్) ప్రైమర్, పీయూ పెయింటు ఆ వైపు ప్యానెల్ మొత్తానికీ కొట్టించండి. దగ్గర్లో ఎక్కడా సిలికాన్ ట్యూబు వాడకండి. అది తగిలిన చోట రంగు గుంటలు గుంటలుగా పారిపోతుంది.

ఇక నీళ్లు కారడం. టాప్‌కూ తొట్టి అంచుకూ మధ్య ఉండే ఫోమ్ పట్టీ నలిగిపోయి ఉంటుంది. పాతది గీకి, అసిటోన్‌తో తుడిచి, ఈపీడీఎం (ఒక రకం రబ్బరు) ఫోమ్ పట్టీ కొత్తది వేయండి. పట్టీ రెండు చివరలు కలిసే చోటు తొట్టి ముందువైపు గోడ మధ్యలో రావాలి, మూలలో కాదు. క్లాంపులు అడ్డంగా ఎదురెదురు జతలుగా కొంచెం కొంచెం బిగించి, వారం తిరిగాక మళ్లీ చూడండి, ఫోమ్ నలిగి వదులవుతాయి. మూల క్లాంపు ఒక్కటే ఎక్కువ బిగిస్తే ఇప్పుడు అతికిన చోటే మళ్లీ లాగుతుంది. చివర్లో ఒకరు తొట్టిలో టార్చితో కూర్చుని, ఇంకొకరు బయట పైపుతో పది నిమిషాలు నీళ్లు కొడితే ఎక్కడ కారుతుందో దొరికిపోతుంది.