పెద్ద ఫిబొనాచీ: గుణకారంలో క్యారీ ఎన్ని లబ్ధాలకోసారి తీయాలన్నా?

అనంతపురంలో మా ల్యాబ్‌లోవి 32 బిట్ల జీసీసీ కంపైలర్లు. 128 బిట్ల టైపు దొరకదు, నెట్ లేదు కాబట్టి పెద్ద సంఖ్యల లైబ్రరీ జీఎంపీ వేసుకోలేం. అన్‌సైన్డ్ 64 బిట్లలో 93వ ఫిబొనాచీ వరకే పడుతుంది. 94వది 19740274219868223167 రావాల్సింది, చుట్టు తిరిగి 1293530146158671551 వస్తుంది.

అందుకే వెక్టర్‌లో గడికి 9 అంకెలు పెట్టి, ఫాస్ట్ డబ్లింగ్ (n, n+1వ ఫిబొనాచీల నుంచి నేరుగా 2nవది లెక్కించే పద్ధతి) రాశాను. ప్రింట్‌లో ఒక తప్పు దొరికింది, సరిచేశాను: 60వది 1548008755920, రెండో గడి ముందు సున్నాలు ఎగిరిపోయి 15488755920 పడేది.

అసలు చిక్కు గుణకారంలో. ఒక నిలువు వరుస లబ్ధాలన్నీ 64 బిట్లలో కూడి, చివర్లోనే క్యారీ తీస్తున్నా. 1000వది సరిగ్గానే ఉంది, 10000వది తప్పు. గడులన్నీ 999999999 అయితే 18 లబ్ధాలకు మించి పట్టవు. మామూలు అంకెలతో డెబ్బై దాకా ఓర్చుకుంటుంది, అందుకే చిన్న టెస్టులన్నీ పాసయ్యాయి. పాడు బగ్!

ప్రతి లబ్ధానికీ భాగహారం చేస్తే, 32 బిట్లలో అది లైబ్రరీ కాల్ అయి బాగా నెమ్మదిస్తోంది. 16 లబ్ధాలకోసారి తీయాలా, లేక మొత్తం 8000000000000000000 దాటినప్పుడల్లా అంత తీసేసి, పై గడికి 8000000000 కలపాలా? 10 లక్షలోదానికి 208988 అంకెలు. అంత పెద్దవాటికి కరత్సుబాకు (తక్కువ గుణకారాలతో పెద్ద సంఖ్యల్ని గుణించే పద్ధతి) ఎన్ని గడుల దగ్గర మారితే లాభం? కొలిచి చూసినవాళ్లు చెప్పండన్నా.