డల్లాస్‌లో మొదటి ఇల్లు, చేతిలో హెచ్‌1బీ, లోన్ సంగతి కాస్త చెప్పండి

ఖమ్మం కుర్రోడు:

అన్నలూ అక్కలూ నమస్తే. మేము ఇర్వింగ్‌ల ఉంటున్నం, ఈసారి లీజు రెన్యువల్‌కి ఇంకో నూట యాభై పెంచిండ్రు, ఇట్ల కట్టుకుంట పోయే బదులు ఇల్లే తీస్కుందాం అంటున్నది నా భార్య. ఎమ్మెస్ అయినంక ఓపీటీ (చదువు తర్వాత పని చేస్కునే పర్మిషన్), పోయిన అక్టోబర్ నుంచి హెచ్‌1బీ. ఆమె హెచ్‌4, ఈఏడీ (పని చేస్కునే పర్మిట్) లేదు, అంటే ఒక్క జీతమే. క్రెడిట్ స్కోర్ 730 చూపిస్తుంది. చేతిల 18 వేల డాలర్లు ఉన్నయ్, నాన్న చిట్టీ ఎత్తి కొంత పంపిస్త అంటున్నడు. సెలీనా, ఆనా, మెలిస్సా ఊర్ల సైడ్ కొత్త ఇండ్లు 4 లక్షల చుట్టు చూస్తున్నం. ఫస్ట్ టైమ్ కొనేటోళ్ళకి గవర్నమెంట్ పైసలిస్తదంట కదా, వీసా మీద ఉన్నోళ్ళకి కూడ వస్తదా? ఏ లోన్ మంచిది? ఎవరన్న జర చెప్పుండ్రి.

బిర్యానీ బ్యాచ్:

బ్రో ఎఫ్‌హెచ్‌ఏ (గవర్నమెంట్ గ్యారంటీ ఉండే లోన్) కొట్టు, సింపుల్. మూడున్నర శాతం డౌన్ పేమెంట్ చాలు, స్కోర్ 580 ఉన్నా ఇస్తారు. నేను 2019లో హెచ్‌1బీ మీద అదే తీస్కున్నా, వర్క్ వీసా కాగితాలు ఇస్తే అయిపోయింది.

ఫైల్ నెట్టే అక్క:

బ్యాచ్ గారూ, మీరు తీసుకున్నప్పుడు అది కరెక్టే, ఇప్పుడు కాదండి. 2025 మే 25 నుంచి ఎఫ్‌హెచ్‌ఏ లోన్ సిటిజన్లకీ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకే (ఇంకో చిన్న వర్గం ఉంది, మనం అందులో లేం). హెచ్‌1బీ, ఎల్‌1, ఈఏడీ అందరూ అవుట్. నేను లోన్ ప్రాసెసింగ్‌లో చేస్తాను, ఇప్పటికీ వారానికి ఒకరైనా పాత యూట్యూబ్ వీడియో చూసి ఎఫ్‌హెచ్‌ఏ అని ఫోన్ చేస్తారు.

తమ్ముడూ నీకు మిగిలింది కన్వెన్షనల్, అంటే గవర్నమెంట్ గ్యారంటీ లేని మామూలు లోన్. భయపడకు, అదేం తీసిపారేసేది కాదు. ఫ్యానీ మే, ఫ్రెడ్డీ మాక్ (లెండర్ల దగ్గర లోన్లు కొనే సంస్థలు) రూల్స్ ప్రకారం చట్టబద్ధంగా ఇక్కడ ఉంటున్నవాళ్ళకి సిటిజన్లతో సమానంగానే ఇవ్వచ్చు, మొదటి ఇల్లయితే 3 శాతం డౌన్‌తో కూడా ఉన్నాయి. కానీ ఒక్కో లెండర్ పైన తన సొంత షరతులు పెట్టుకుంటాడు, వీసా ఇంకా ఇన్నాళ్ళుండాలి, ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) ఉంటే బాగుణ్ణు, అలా. అందుకని ఫోన్ ఎత్తగానే "నాది హెచ్‌1బీ, ఫలానా తేదీ వరకు ఉంది, చేస్తారా" అని మొదటి వాక్యంలోనే అడిగెయ్. రెండేళ్ళ ఉద్యోగం లేదే అని కూడా బెంగ వద్దు, ఎమ్మెస్ చదివిన కాలం కూడా హిస్టరీలోకి తీసుకుంటారు, ట్రాన్‌స్క్రిప్ట్స్ తీసి పెట్టుకో.

గవర్నమెంట్ డబ్బుల గురించి. టెక్సాస్‌లో రెండు పెద్ద సంస్థలున్నాయి, టీఎస్‌ఏహెచ్‌సీ ఒకటి, టీడీహెచ్‌సీఏ ఒకటి. రెండూ డౌన్ పేమెంట్‌కి సాయం చేస్తాయి, నేరుగా నీ చేతికి రాదు, వాళ్ళ లిస్టులో ఉన్న లెండర్ ద్వారానే. స్కోర్ 620 కావాలి, ఆదాయానికి పరిమితి, ఇంటి ధరకి పరిమితి, ఒక ఆన్‌లైన్ క్లాసు. ఇద్దరూ సాఫ్ట్‌వేర్ అయితే ఆదాయం దగ్గరే ఆగిపోతుంది, నీది ఒక్క జీతం కాబట్టి కౌంటీ లిమిట్ చూసుకో, సరిపోవచ్చు. వీసా మాత్రం వెనకున్న అసలు లోన్ రూల్‌ని బట్టీ, లెండర్‌ని బట్టీ ఉంటుంది, అప్లై చేయకముందే అడుగు. ఇంకోటి, అందులో కొన్ని తిరిగి కట్టక్కర్లేనివి, కొన్ని ఇల్లు అమ్మినా రీఫైనాన్స్ చేసినా తిరిగి ఇచ్చేయాల్సినవి. పైగా ఆ సాయం తీసుకుంటే అసలు లోన్ రేటు మామూలుగా కొంచెం ఎక్కువ పడుతుంది. ఊరికే ఎవరిస్తారండీ.

మెకినీ మావయ్య:

అమ్మాయి లోన్ సంగతి బాగా చెప్పింది, నేను ఇల్లు సంగతి చెప్తా, ఎందుకంటే లోన్ ఇచ్చేవాడు లోన్ ఇచ్చి పోతాడు, తర్వాత నెలనెలా కట్టేది మనం.

బాబూ 4 లక్షల ఇల్లు, 5 శాతం డౌన్ అనుకో, 20 వేలు. మిగతా 3 లక్షల 80 వేలకి ముప్పై ఏళ్ళు, రేటు ఆరున్నర అనుకుంటే అసలూ వడ్డీ కలిపి 2,400. మనవాళ్ళు ఇక్కడే ఆపేసి, అరే రెంటూ అంతే కదా అనుకుంటారు. టెక్సాస్‌లో స్టేట్ ఇన్‌కమ్ ట్యాక్స్ లేదని సంబరపడతాం కదా, అదంతా ప్రాపర్టీ ట్యాక్స్‌లో లాగుతారు. నువ్వు చెప్పిన ఊళ్ళల్లో కొత్త కమ్యూనిటీలకి మడ్ అనో పిడ్ అనో అదనపు పన్ను కూడా తగలచ్చు. అన్నీ కలిపి 2.3 శాతం అనుకో, నెలకి ఇంకో 770. వడగళ్ళ పుణ్యమా అని ఇన్సూరెన్స్ ఇక్కడ మంట, 250కి తక్కువ అనుకోకు. 20 శాతం పెట్టట్లేదు కాబట్టి పీఎంఐ, అంటే లెండర్ కోసం మనం కట్టే ఇన్సూరెన్స్. హెచ్ఓఏ, అంటే కాలనీ సంఘం ఫీజు. మొత్తం 3,500 దాటుద్ది. ఇప్పుడు నీ రెంట్ ఎంతో పక్కన రాసుకుని చూడు.

ఇంకా అసలు దెబ్బ చెప్పలేదు. మేం 2021లో కొత్తిల్లు తీసుకున్నాం, నెలకి 1,700 చిల్లర పడేది, ఆహా ఏమి సుఖం అనుకున్నాం. రెండో ఏడు ఒక కవరొచ్చింది, ఇండియన్ స్టోర్ కూపన్ల కింద రెండు వారాలు పడుంది కిచెన్ కౌంటర్ మీద, మీ అత్తయ్య ఏదో రీఫైనాన్స్ వాళ్ళ చెత్త అనుకుంది. విప్పి చూస్తే వచ్చే నెల నుంచి 3,000 కట్టమని. ఫ్రాడ్ అనుకుని ఫోన్ చేశా, ఫ్రాడ్ కాదు. సంగతేంటంటే జనవరి 1న ఆ జాగాలో ఏముందో దానిమీదే ఆ ఏడు పన్ను వేస్తారు, మాది అప్పటికి ఒట్టి మట్టి, సగం పునాది కూడా లేదు. మొదటి ఏడు స్థలానికి మాత్రమే పన్ను, ఎస్క్రోలో (పన్నూ ఇన్సూరెన్స్ కోసం కిస్తీతో పాటు పట్టుకునే ఖాతా) కూడా ఆ లెక్కనే పట్టుకున్నారు. రెండో ఏడు ఇంటికి మొత్తం పడింది. ఎస్క్రోలో తక్కువ పడినదంతా పన్నెండు నెలల్లో లాగుతారు, ప్లస్ ముందుకి కొత్త లెక్క, రెండూ కలిసి మీద పడతాయి. ఆ ఏడు ఇండియా ట్రిప్ క్యాన్సిల్.

కాబట్టి సేల్స్ ఆఫీసులో అమ్మాయి నవ్వుతూ ఇచ్చే నెలవారీ షీట్ చూసి పొంగిపోకు. లెండర్‌తో "ఇల్లు పూర్తయ్యాక పడే పన్ను మీద లెక్క కట్టి చూపించు" అని అడుగు. ఎస్క్రోలో తక్కువ పట్టినా సరే, ఆ తేడా నెలనెలా నీ సేవింగ్స్‌లో వేసుకో.

గృహప్రవేశం అవగానే పాలు పొంగించి వెంటనే చేయాల్సింది హోమ్‌స్టెడ్ ఎగ్జెంప్షన్, అంటే మనం ఉండే ఇంటికి పన్నులో మినహాయింపు. ప్రాపర్టీ ట్యాక్స్‌లో స్కూళ్ళకి పోయే వాటా వరకు 2025 నుంచి ఇంటి విలువలో 1 లక్షా 40 వేలు తీసేసి లెక్క కడతారు, పైగా ఏటా పన్ను వేసే విలువ 10 శాతం కంటే పెరగకుండా కట్టడి ఉంటుంది. సిటిజన్ అవ్వక్కర్లేదు, నువ్వు అందులో ఉండాలి, డ్రైవింగ్ లైసెన్స్ మీద అదే అడ్రస్ ఉండాలి. అప్లికేషన్ ఫ్రీ. యాభై డాలర్లివ్వండి మేం చేసిపెడతాం అని ఉత్తరాలొస్తాయి, చించి పారెయ్.

కొల్లేటి గాలి:

ఎవరో వాట్సాప్‌లో టెక్సాస్‌లో ఇక ఫారినర్స్ ఇల్లు కొనకూడదు అని ఫార్వర్డ్ పెట్టారు, అది నిజమా మావయ్య గారూ?

మెకినీ మావయ్య:

అది ఎస్‌బీ 17, 2025 సెప్టెంబర్ 1 నుంచి అమల్లో ఉంది. చైనా, ఇరాన్, నార్త్ కొరియా, రష్యా వాళ్ళ గురించి. ఇండియా అందులో లేదు. ఆ గ్రూప్ మ్యూట్ చెయ్యండి.

ఖమ్మం కుర్రోడు:

మావయ్యా మీరు రాసింది నా భార్యకి చదివి వినిపించిన, సైలెంట్ అయింది. ఇంకో డౌట్. నాన్న దగ్గర 20 లక్షల దాకా అయితయ్. నా ఫ్రెండ్ ఒకడు ఇక్కడ ప్లేనోల ఉన్నడు, ఆనికి ఇండియాల ఇల్లు కట్టేందుకు పైసలు కావాల్నంట. నాన్న అక్కడ ఆళ్ళ నాన్నకి ఇస్తడు, వీడు ఇక్కడ నాకు జెల్ చేస్తడు (బ్యాంకు యాప్‌ల పైసలు పంపుడు), ట్యాక్స్ లేదు చార్జీ లేదు అంటున్నడు. మంచిగనే ఉన్నది కదా?

ఫైల్ నెట్టే అక్క:

అయ్యో వద్దు!! దయచేసి వద్దు తమ్ముడూ. మొదటిది, అలా చేతులు మార్చడం రూల్స్‌కే విరుద్ధం. రెండోది, లోనే పోతుంది.

రెండు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు అడుగుతాం మేము. నీ నెలజీతంలో సగం కంటే పెద్ద డిపాజిట్ ఏది కనపడినా ఇది ఎక్కడిది అని కాగితం అడగాలి, అది మా సరదా కాదు, రూల్. పోయినేడు ఒక ఫైల్ చూశాను, సరిగ్గా ఇదే కథ, నలుగురు ఫ్రెండ్స్ నుంచి 4,900, 4,900 చొప్పున జెల్‌లు, ఆ అబ్బాయి ఒక్కోదానికి ఒక్కో ఉత్తరం రాశాడు, ఒకటి పాత అప్పు తీర్చాడని, ఒకటి ట్రిప్పు ఖర్చని, ఒకటి "సంక్రాంతి కానుక" అని. అండర్‌రైటర్ (లోన్ ఇవ్వచ్చో లేదో తేల్చే ఆవిడ) అమెరికన్, ఆవిడ నాకు ఫోన్ చేసి సంక్రాంతికి ఇంత ఇస్తారా అని అడిగింది. ఏం చెప్పను. ఆ డబ్బు లెక్కలోంచి తీసేశారు, డౌన్ చాలలేదు, ఎర్నెస్ట్ మనీ (ఇంటికి ముందు కట్టిన అడ్వాన్స్) కూడా పోయింది.

దారిలో పంపించు. నాన్నగారు తన అకౌంట్ నుంచి బ్యాంకు ద్వారా ఎల్ఆర్ఎస్ (విదేశాలకి డబ్బు పంపడానికి ఆర్‌బీఐ పెట్టిన పద్ధతి) కింద నీ ఇక్కడి అకౌంట్‌కి వైర్ చేయాలి, ఏ2 ఫారం, పాన్ ఉంటే చాలు. ఒక్కొక్కరు ఆర్థిక సంవత్సరానికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపచ్చు. టీసీఎస్ అని ముందస్తు ఆదాయపు పన్ను ఒకటి పట్టుకుంటారు, 10 లక్షలు దాటిన భాగం మీద 20 శాతం. అది పోయినట్టు కాదు, రిటర్న్ వేస్తే వస్తుంది, కానీ పెద్దాయనకి ఆ తిరుగుడెందుకు. నాన్న 10, అమ్మ 10, ఎవరి పాన్ వాళ్ళది, ఎవరి అకౌంట్ వాళ్ళది, అసలు పట్టుకోరు. లేదా మార్చిలో కొంత ఏప్రిల్‌లో కొంత, ఆర్థిక సంవత్సరం మారుతుంది కాబట్టి. మొత్తం 20 లక్షలకి ఇరవై వేల డాలర్ల పైనే వస్తుంది చూసుకో.

వాళ్ళిద్దరూ గిఫ్ట్ లెటర్ మీద సంతకం పెట్టాలి, ఇది తిరిగి ఇవ్వక్కర్లేదు అని. చిట్టీ ఎత్తిన డబ్బు ముందు నాన్న అకౌంట్‌లో పడాలి, అక్కణ్ణుంచి వైర్ వెళ్ళినట్టు స్టేట్‌మెంట్‌లో కనపడాలి. తెలుగులో ఉన్న కాగితాలకి ఇంగ్లీష్ అనువాదం కావాలి. మీ బోటి వాళ్ళకి అక్కర్లేదు గానీ ఏడాదిలో లక్ష డాలర్లు దాటి గిఫ్ట్ వస్తే ఇక్కడ ఫారం 3520 వేయాలి, పన్ను ఉండదు, మర్చిపోతే పెనాల్టీ మాత్రం ఘోరం.

నీ భార్య పేరు లోన్‌లో లేకపోయినా టైటిల్‌లో (ఇంటి హక్కు పత్రంలో) పెట్టుకోవచ్చు. టెక్సాస్‌లో మీరు కాపురం ఉండబోయే ఇల్లు కాబట్టి క్లోజింగ్‌కి (సంతకాలు పెట్టి ఇల్లు మీ పేరుకి మారే రోజు) ఆవిడ కూడా వచ్చి సంతకం పెట్టాలి. ఆ వారంలోనే ఇండియా టికెట్లు బుక్ చేయకు, చేసినవాళ్ళని చూశాను.

బిర్యానీ బ్యాచ్:

ఓకే ఎఫ్‌హెచ్‌ఏ మాట వెనక్కి తీస్కుంటున్నా 🙏 ఒకటి మాత్రం నా అనుభవం, ముగ్గురు లెండర్ల దగ్గర ఒకే రోజు లోన్ ఎస్టిమేట్ తీస్కో, అప్లై చేసిన మూడు వర్కింగ్ డేస్‌లో ఇచ్చి తీరాలి వాళ్ళు. రెండో పేజీలో సెక్షన్ ఏ అని ఉంటది, లెండర్ సొంత చార్జీలు అక్కడే, మిగతా అంతా చూస్కుంట కూర్చోకు. రేటు తక్కువ చూపించి అక్కడ పాయింట్లు (రేటు తగ్గించనీకి ముందే తీస్కునే ఫీజు) గుద్దుతరు. 45 రోజుల్లోపు ఎంతమంది లెండర్లు క్రెడిట్ రిపోర్ట్ తీసినా ఒక్కటిగానే లెక్క, స్కోర్ పోద్దని భయపడకు. బిల్డర్ సొంత లెండర్ 10 వేలిస్తా 15 వేలిస్తా అంటడు, నిజంగనే ఇస్తడు కూడా, కానీ బయటోడి కాగితం చేతిల పెట్టుకుని మాట్లాడు.

మరీ తక్కువైతే 401కే (కంపెనీ రిటైర్మెంట్ సేవింగ్స్) మీద లోన్ ఉంది.

మెకినీ మావయ్య:

401కే లోన్ చెప్పే ముందు ఒక మాట బ్యాచూ. ఉద్యోగం పోతే హెచ్‌1బీకి ఇక్కడ ఉండడానికి మహా అయితే 60 రోజులు. అదే టైమ్‌లో 401కే అప్పు కూడా తీర్చమంటారు, ఆ ఏడు ట్యాక్స్ ఫైలింగ్ డెడ్‌లైన్ లోపు కట్టకపోతే విత్‌డ్రాయల్ కింద జమ కట్టి పన్నూ 10 శాతం పెనాల్టీ వేస్తారు. రెండూ ఒకేసారి మోయలేడు పిల్లాడు. నీకిద్దరి జీతాలు, వాడికొక్కటి.

కుర్రోడా, నీ 18 వేలు ముట్టుకోకు, క్లోజింగ్ ఖర్చుకి బిల్డర్ దగ్గర లాగు, మీ నాన్న డబ్బు డౌన్‌కి పెట్టు. ఆ 18 వేలు అంటే ఇంటి కిస్తీ ఐదు నెలలు. అది అకౌంట్‌లో ఉంటేనే రాత్రి నిద్ర పడుతుంది. ఇంకోటి, బిల్డర్ కాంట్రాక్ట్ వేరు, పాత ఇల్లు కొనేటప్పుడు ఉండే ఆప్షన్ పీరియడ్ (కొన్ని రోజుల్లోపు వద్దనుకుని బయటపడే వీలు) అందులో ఉండకపోవచ్చు, లోన్ రాకపోతే డిపాజిట్ తిరిగొస్తుందా అన్న లైను ఎక్కడుందో వేలు పెట్టి చూపించమని అడిగి సంతకం పెట్టు.

ఖమ్మం కుర్రోడు:

అందరికి చాన థ్యాంక్స్. ప్లేనో ఫ్రెండ్‌కి వద్దని చెప్పిన, కొంచెం అలిగిండు. నాన్నకి ఫోన్ చేసి అమ్మ పేరు మీద పాన్ ఉన్నదా అంటే ఉన్నది, బీరువాల చీరెల కింద ఉన్నదంట, ఫొటో పంపిండు. బ్యాంకుల ఏ2 ఫారం అడిగితే మేనేజర్ "కొడుకు ఇల్లు కొంటుండా మాస్టారూ" అని చాయ్ తెప్పిచ్చిండంట. సెలీనా సేల్స్ ఆఫీస్‌కి శనివారం పోతున్నం, పన్ను మొత్తం పడితే ఎంతో లెక్క రాసియ్యమని అడుగుత, ఏం చెప్తదో ఇక్కడ్నే రాస్త.