పాత స్కార్పియో ముందుభాగం దెబ్బతింది: క్లెయిమ్‌కి వెళ్లాలా, సొంతంగా చేయించాలా?

గోదారిగట్టు
బండి 2012 స్కార్పియో, ఎంహాక్ డీజిల్. డివైడర్‌కి ముందు కుడివైపు గట్టిగా తగిలింది. ఐడీవీ (పాలసీలో బండికి కట్టిన విలువ) 2,40,000. ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది, జీరో డెప్ (పార్టులపై తరుగు కోయకుండా ఇచ్చే కవర్) లేదు. ఎన్‌సీబీ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) 50 శాతం. షెడ్డువాళ్ల ఎస్టిమేట్ 1,23,000: మెటల్ పార్టులు (బానెట్, ఫెండర్, రేడియేటర్ సపోర్ట్, రేడియేటర్, కండెన్సర్) 52,000, ప్లాస్టిక్ (బంపర్, గ్రిల్, హెడ్‌లైట్లు, ఫ్యాన్ ష్రౌడ్) 24,000, ముందద్దం 9,000, లేబర్ 18,000, పెయింట్ 16,000, కూలెంట్, ఏసీ గ్యాస్, ఆయిల్ కలిపి 4,000. ఇందులో కంపెనీ ఎంత ఇస్తుంది, చేతినుంచి ఎంత పడుతుంది?

లెక్కలపద్దు
జీరో డెప్ లేదన్నారు కాబట్టి లెక్క సూటిగానే ఉంటుంది. పదేళ్లు దాటిన బండికి మెటల్ పార్టులపై తరుగు 50 శాతం (అయిదు నుంచి పదేళ్ల మధ్య అయితే 40). ప్లాస్టిక్, రబ్బరు, నైలాన్, టైర్లు, బ్యాటరీ, ఎయిర్‌బ్యాగులకు వయసుతో పని లేదు, కొత్త బండికైనా 50 శాతమే. అద్దానికి తరుగు లేదు. లేబర్‌కీ లేదు. పెయింట్ బిల్లులో పావు వంతును మెటీరియల్‌గా లెక్కగట్టి, దానిలో సగం కోస్తారు.

మెటల్ 52,000లో 26,000 వస్తుంది. ప్లాస్టిక్ 24,000లో 12,000. అద్దం 9,000, లేబర్ 18,000 పూర్తిగా. పెయింట్ 16,000లో మెటీరియల్ 4,000, అందులో సగం పోతే 14,000. కూలెంట్, గ్యాస్, ఆయిల్ కన్స్యూమబుల్స్ (వాడితే అయిపోయేవి) కింద పోతాయి, ఆ కవర్ విడిగా తీసుకోకపోతే సున్నా. మొత్తం 79,000. 1500 సీసీ దాటిన బండి కాబట్టి తప్పనిసరి కోత 2,000. పాత సామాను విలువ కింద ఇంకో రెండు వేలు తీస్తారనుకోండి, చేతికి 75,000. మీ వాటా 48,000.

పార్టులపై జీఎస్టీకి కూడా అదే తరుగు పడుతుంది, అది మరిచిపోవద్దు. ఎస్టిమేట్‌లో జీఎస్టీ కలిపారో లేదో ముందు అడగండి.

టింకరింగ్‌షెడ్డు
పై లెక్కలో ఒక్క మాట పట్టుకోండి: లేబర్‌కి తరుగు లేదు. పాత బండి క్లెయిమ్ అంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

బానెట్ 14,000, ఫెండర్ 6,000 అనుకుందాం. రెండూ మారిస్తే మీకు 10,000 బొక్క. అదే రెండింటినీ టింకరింగ్ చేసి 7,000 లేబర్ వేస్తే కంపెనీ మొత్తం 7,000 ఇస్తుంది, మీ జేబులోంచి సున్నా. కంపెనీకి కూడా 3,000 మిగులుతుంది. అందుకే సర్వేయర్లు (నష్టం ఎంతో చూసి లెక్కగట్టేవాళ్లు) ఇలాంటి దానికి అడ్డు చెప్పరు, వాళ్లే ముందు అంటారు. షెడ్డువాడికి మాత్రం కొత్త పార్టులోనే మార్జిన్, అందుకే ఎస్టిమేట్ నిండా "రీప్లేస్" అని రాస్తాడు.

అయితే అన్నీ కొట్టి సరిచేయకూడదు. బానెట్ పైరేకు మాత్రమే సొట్టపడితే ఒకే. లోపలి ఫ్రేమ్ వంగినా, లాక్ దగ్గరో హింజ్ దగ్గరో మడతపడినా మార్చాల్సిందే. అలాంటి బానెట్ హైవేలో గాలికి లేచిందంటే ముందద్దం మీదే పడుతుంది. రేకు పదునుగా మడిచినచోట సాగిపోయి ఉంటుంది, అక్కడ పుట్టీ మందంగా పెట్టి కప్పేస్తారు. పుట్టీ మూడు మిల్లీమీటర్లు దాటితే కొన్ని నెలల్లో పగులుతుంది. డెలివరీ రోజు చిన్న అయస్కాంతం గుడ్డలో చుట్టి రేకు మీద తిప్పండి, ఎక్కడ పట్టదో అక్కడ పుట్టీ దండిగా ఉన్నట్టే.

కండెన్సర్ మాత్రం రిపేరు పెట్టుకోవద్దు. అల్యూమినియం ట్యూబ్ ఒకసారి నలిగితే అతికించినా ఏసీ ప్రెజర్‌కి మళ్లీ కారుతుంది. ఏసీ లైను విప్పారు కాబట్టి రిసీవర్ డ్రయ్యర్ కూడా మార్చమనండి, అది గాలిలో తేమ పీల్చేసుకుని ఉంటుంది. హెడ్‌లైట్ గ్లాసు బాగుండి చెవులు మాత్రమే విరిగితే ప్లాస్టిక్ వెల్డింగుతో నిలబడుతుంది, అదీ లేబరే.

గోదారిగట్టు
బానెట్ లోపలి ఫ్రేమ్ బాగానే ఉంది సార్, పైరేకే. సరే, ఎన్‌సీబీ 50 శాతం పోతుంది కదా? అది పోగొట్టుకుని 75,000 తీసుకోవడం లాభమేనా?

లెక్కలపద్దు
ఎన్‌సీబీ ఓన్ డ్యామేజ్ (ఓడీ, అంటే సొంత బండి నష్టానికి కట్టే) ప్రీమియం మీదే, థర్డ్ పార్టీ (ఎదుటివాళ్ల నష్టానికి కట్టేది) మీద కాదు. 1500 సీసీ పైబడిన కారుకి థర్డ్ పార్టీ ఒక్కటే 7,897, అది ఎలాగూ కట్టాల్సిందే.

క్లెయిమ్ అయ్యాక మెట్లు మళ్లీ మొదటినుంచి ఎక్కాలి: 0, 20, 25, 35, 45, ఆ తర్వాతే 50. అంటే వరుసగా 50, 30, 25, 15, 5 శాతం నష్టం. కలిపితే అయిదేళ్లలో ఒక ఏడాది ఓడీ ప్రీమియానికి 125 శాతం. ఎన్‌సీబీ తీయకముందు మీ ఓడీ 7,000 అయితే 8,750, 18 శాతం జీఎస్టీతో 10,325. ఐడీవీ ఏటా తగ్గుతుంది కాబట్టి నిజంగా పడేది ఇంకా తక్కువే. చేతికి వచ్చేది పన్నెండు వేల లోపైతే క్లెయిమ్ జోలికి పోవద్దు. మీది 75,000, ఆలోచించాల్సిన పనే లేదు.

లాడర్‌ఫ్రేమ్
అన్నా, రేకుల గురించి ఇంత మాట్లాడుతున్నరు, ఛాసిస్ సంగతి ఎవరూ అడగలే. ఇది మోనోకాక్ కారు కాదు, బాడీ వేరు, ఛాసిస్ వేరు. కుడిమూల తగిలిందంటే ఛాసిస్ కుడి రైలు (పొడుగు స్టీలు దూలం) కొస లోపలికి వంగే అవకాశం ఎక్కువ. ముందు బుల్ బార్ (బంపర్ ముందు బిగించే ఇనుప గార్డు) ఉంటే ఇంకా ఎక్కువ, ఎందుకంటే అది నేరుగా ఛాసిస్‌కి బిగించి ఉంటది, దెబ్బంతా అక్కడికే పోతది. (2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ బుల్ బార్లు తీయించమని రాష్ట్రాలకు రాసింది కూడా. పాలసీలో చూపని యాక్సెసరీకి పైసా రాదు.)

చూసే పద్ధతి తేలిక. బండిని సమంగా ఉన్న నేల మీద నిలబెట్టి, రెండు వైపులా ముందు చక్రం నడుమ నుంచి వెనుక చక్రం నడుమ దాకా టేపు పెట్టు. తేడా వస్తే అనుమానించు. తర్వాత కింద ఛాసిస్ రంధ్రాల మధ్య మూల నుంచి మూలకు అడ్డంగా కొలిపించు, రెండు కొలతలూ కలవాలి. ముందు తలుపుకి ఫెండర్‌కి మధ్య సందు పైన ఒక తీరు, కింద ఒక తీరు ఉంటే బాడీ మౌంటు బుష్షుల (బాడీకి ఛాసిస్‌కి మధ్య రబ్బర్లు) మీద పక్కకు జరిగిందన్నట్టు.

వంగితే బెంచి (ఛాసిస్‌ని బిగించి లాగే యంత్రం) మీద చల్లగానే లాగించు. గ్యాస్ కట్టర్‌తో ఎర్రగా కాల్చి కొట్టనియ్యకు, ఆ చోట స్టీలు బలం పోతది. ఛాసిస్ నంబరు పంచ్ చేసిన చోట వేడి, వెల్డింగు అసలే తగలొద్దు. రేపు ఆర్‌సీ రెన్యువల్‌కి పోతే ఆర్‌టీవో ఆఫీసులో అదే పట్టుకుంటరు. 2012 బండి, 2027లో ఫిట్‌నెస్‌కి పోవాలె కదా.

లోయర్ ఆర్మ్, బాల్ జాయింట్, టై రాడ్ ఎండ్ కూడా ఎస్టిమేట్ల రాయించు. ఆర్మ్ కొద్దిగ వంగితే కంటికి కనపడదు, క్యాంబర్ (చక్రం నిలువు వాలు) సరికాక టైరు ఒక అంచు తినేస్తది.

ఫైలుఫోల్డర్
వరుస చెబుతాను. ముందు ఇంజను స్టార్ట్ చేయకండి. రేడియేటర్ కారిపోయాక నడిపి హెడ్ గాస్కెట్ పోయిందంటే, అది యాక్సిడెంట్ నష్టం కాదు, తర్వాత మీరు చేసుకున్నది అని తీసేస్తారు. టోయింగ్‌తోనే షెడ్డుకి చేర్చండి. దానికి మామూలు పాలసీలో 1,500 వరకే ఇస్తారు, రసీదు దాచండి.

బండి కదపకముందే నాలుగు మూలల ఫోటోలు, నంబరు ప్లేటు, ఓడోమీటరు, కింద కారిన కూలెంట్ తీయండి. క్లెయిమ్ నంబరు తీసుకోండి. సర్వేయరు చూసేదాకా ఒక్క బోల్టు విప్పొద్దు. విప్పాక లోపల కొత్తగా కనపడినవన్నీ సప్లిమెంటరీ ఎస్టిమేట్‌గా పెట్టి, ఆయన మళ్లీ చూశాకే మార్చాలి. ఎక్కువమందికి డబ్బు పోయేది ఇక్కడే: షెడ్డువాడు "చెప్పాంలే సార్" అంటూ ముందే మార్చేస్తాడు, పాత పార్టు పాత ఇనుముకి వెళ్లిపోతుంది, చూపించడానికి ఏమీ ఉండదు. తీసిన ప్రతి పార్టూ రీ ఇన్‌స్పెక్షన్ అయ్యేదాకా డిక్కీలో ఉండాలి.

విజయవాడ ఆటోనగర్‌లో సెకండ్ హ్యాండ్ ఫెండర్లు, తలుపులు సగం ధరకి దొరుకుతాయి, నిజమే. కానీ జీఎస్టీ బిల్లు లేని పార్టు క్లెయిమ్‌లోకి రాదు. సర్వేయరు క్లెయిమ్‌లోంచి తీసేసిన పార్టులకి మాత్రం ఆ దారి చూసుకోండి.

ఇంకొకటి, బండి సెకండ్ హ్యాండ్‌లో కొన్నదా?

గోదారిగట్టు
అవును, మూడేళ్ల క్రితం. ఆర్‌సీ, పాలసీ రెండూ నా పేరు మీదే ఉన్నాయి.

ఫైలుఫోల్డర్
అయితే గండం లేదు. ఆర్‌సీ మారిన 14 రోజుల్లో పాలసీ కూడా పేరు మార్పించుకోవాలి. థర్డ్ పార్టీ దానంతట అదే కొత్త ఓనరుకి వస్తుంది గానీ ఓన్ డ్యామేజ్ రాదు. పాత ఓనరు పేరున్న పాలసీతో క్లెయిమ్ వేస్తే తిరస్కరిస్తారు. అలాగే ఎన్‌సీబీ మనిషిది, బండిది కాదు. అమ్మినవాళ్ల ఎన్‌సీబీ మీ పాలసీలోకి వచ్చేసి ఉంటే ఇప్పుడు బయటపడుతుంది. మీ 50 శాతం వేరే బండి మీద మీరు సంపాదించుకున్నదేనా, పాత పాలసీలు తీసి చూడండి.

కొత్తగేర్
ఎస్టిమేట్ ఐడీవీలో 75 శాతం దాటితే టోటల్ లాస్ అంటారు కదా? 2,40,000కి 1,80,000. లోపల చాసిస్, ఆర్మ్‌లు కలిస్తే అక్కడికి పోదా?

లెక్కలపద్దు
పాలసీలో "షరతులకు లోబడి అయ్యే రిపేరు ఖర్చు" అని ఉంటుంది, అంటే తరుగు పోను లెక్క. ఈ బండికి ఆ లెక్కన ఇంకా 77,000 దగ్గరే ఉన్నాం, చాలా దూరం. ఒకవేళ అక్కడిదాకా పోతే బండి మీరే ఉంచుకుంటారా అని అడుగుతారు. ఉంచుకుంటే ఐడీవీలోంచి శిథిలం విలువ, 2,000 కోత తీసి ఇస్తారు. ఆ విలువ ఎవరు కోట్ చేశారో కాగితం అడగండి. తక్కువ వేసినా ఎక్కువ వేసినా ఎవరో ఒకరికి లాభమే. లోన్ ఉంటే ఫైనాన్స్ వాళ్ల ఎన్‌వోసీ, ఫారం 35 (ఆర్‌సీలోంచి లోన్ తీయించే ఫారం) లేకుండా చెక్ మీ పేరున రాదు.

సర్వే రిపోర్టు కాపీ అడగడం మీ హక్కు. కోత ఎక్కడ పడిందో అందులో వరుసగా ఉంటుంది. నచ్చకపోతే ముందు కంపెనీ గ్రీవెన్స్ సెల్‌కి రాయండి. 30 రోజుల్లో జవాబు లేకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా ఏడాదిలోపు హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌ (ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు, ఫీజు లేదు.

టింకరింగ్‌షెడ్డు
డెలివరీ రోజు పగటిపూట వెళ్లండి, ట్యూబ్‌లైటు కింద పెయింట్ షేడ్ తేడా తెలియదు. ఏసీ వేసి ఇంజను ఇరవై నిమిషాలు నడిపించి, ఫ్యాన్ తిరిగి ఆగుతోందో లేదో, కింద కూలెంట్ చుక్క పడుతోందో లేదో చూడండి. అలైన్‌మెంట్ ప్రింటు చేతిలో పెట్టేదాకా శాటిస్‌ఫ్యాక్షన్ వోచర్ (పని బాగుందని ఒప్పుకునే కాగితం) మీద సంతకం పెట్టకండి.